కాలరు లోపల రెండక్షరాలు

పండుగ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇస్త్రీ అక్క ముప్పై ఒక్క నీలం చొక్కాలు ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు తగిలించింది. ముప్పై రెండోదానికి పైగుండీ లేదు. అది వడ్రంగి చొక్కా. ఊడిన గుండీ ఎక్కడ పడిందో ఆమె వెతకలేదు. కిటికీ గట్టు మీద ఒక పాత మందుసీసా ఉంటుంది. పాతికేళ్ళుగా ఈ కాలనీ బట్టల నుంచి రాలిన గుండీలన్నీ అందులోనే. సీసాను బల్ల మీద బోర్లించి, నీలానికి కాస్త దగ్గరగా ఉన్నదాన్ని ఏరి, నాలుగు కుట్లు వేసి, దారం పంటితో కొరికింది. తరువాత కాలరు వెనక్కి తిప్పి, లోపల సిరాతో రాసిన రెండక్షరాలు ఆరాయో లేదో వేలితో రుద్ది చూసింది. ఆరాయి.

ఆ రెండక్షరాలే సాయంత్రానికి ఆమె గదికి ఎసరు పెట్టినంత పని చేశాయి.

కాలనీలో ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్క అనే పిలుస్తారు. భర్తను మాత్రం ఎవరూ ఇస్త్రీ బావ అనరు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, యూనిఫారం వేసుకుంటాడు, ఆ యూనిఫారం ఇస్త్రీ ఎప్పుడూ ఆఖరున అవుతుంది. అక్కకు నలభై తొమ్మిదేళ్ళు. కుడి మోచేతి మీద మూడు కాలిన మచ్చలున్నాయి. మొదటిది పెళ్ళయిన కొత్తలోది, రెండోది కూతురు కడుపులో ఉన్నప్పటిది, మూడోది ఎప్పటిదో ఆమెకూ గుర్తులేదు.

ఆమె పనిచేసే గది కాలనీ హాలులో భాగం. హాలుకు ఒక చివర చెక్క స్టేజీ, దానికి అటూ ఇటూ రెండు చిన్న గదులు. కుడివైపు గదిలో విరిగిన కుర్చీలుంటాయి. ఎడమవైపు గది అక్కది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఒక తలుపు స్టేజీ వైపు తెరుచుకుంటుంది, ఒక కిటికీ వీధిలోకి. బట్టలు ఆ కిటికీలోంచి వస్తాయి, అందులోంచే పోతాయి. బల్ల మీద నాలుగు పాత దుప్పట్లు, వాటి మీద తెల్ల దుప్పటి, దాని మీద ఇస్త్రీపెట్టె తిరిగి తిరిగి పడిన గోధుమరంగు మరక. పైన ఫ్యాను ఉంది గానీ వేయదు. వేస్తే మడతలు లేచిపోతాయి.

ఈ పని మొదలుపెట్టింది ఆమె అత్త. ముప్పై ఎనిమిదేళ్ళ కింద బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పాత హాలు వరండాలో కూర్చుంది. కొత్త హాలు కట్టినప్పుడు కమిటీవాళ్ళు ఈ గది ఇచ్చారు. అందుకు బదులుగా హాలు తాళాలు చూసుకోవాలి, ఊడ్చాలి, పండుగకు కుర్చీలు వేయాలి. ప్రతి ఏడూ పండుగ మర్నాడు జనరల్ బాడీ మీటింగు జరుగుతుంది. అందులో చేతులెత్తి ఆ గది మళ్ళీ ఏడాదికి ఇస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ చేయి సరిగ్గా ఎత్తింది కూడా లేదు. అందరూ అప్పటికే భోజనం గురించి ఆలోచిస్తుంటారు.

ఈ ఏడాది సంగతి వేరు. కొత్త సెక్రటరీ వచ్చాడు. ఆయన ఆ గదిని చదువుల గది చేయాలని ఎజెండాలో రాయించాడు. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు ఒక పత్రిక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. ఇంట్లో ఆరువందల పుస్తకాలున్నాయి. అవి హాలుకు పోతే తాను మంచం కిందికి వంగి ఊడ్చుకోవచ్చని ఆయన భార్య బహిరంగంగానే అంటుంది. మనిషి చెడ్డవాడేమీ కాదు, తప్పు కనబడితే ఆగలేడు. తనకొచ్చిన పెళ్ళి శుభలేఖను ఎర్రసిరాతో దిద్ది తిరిగి ఇచ్చిన చరిత్ర ఉంది. సంతాపం బోర్డు మీద కూడా కామా పెట్టాడని చెప్పుకుంటారు, అది నిజమో కాదో తెలియదు.

గది పోతే అక్క ఏం చేయాలో తేలిన విషయమే. ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు. అందులో ఇస్త్రీ బల్ల వేస్తే మంచం బయట పెట్టాలి. బట్టల మూట పట్టుకుని మూడంతస్తులు ఎక్కేవాళ్ళు ఎవరూ ఉండరు. "ఈ వయసులో నాకు వేరే పని ఎవరు నేర్పుతారు, నేర్పినా నాకెక్కడ వస్తుంది" అని భర్తతో అంది. ఆయన, చూద్దాంలే, అన్నాడు. బస్సు విషయంలో తప్ప ఆయన దేనికీ తొందరపడడు.

అందుకే ఈసారి పండుగకు పాడేవాళ్ళ బట్టల పని మొత్తం తానే నెత్తిన వేసుకుంది. ప్రతి ఏడూ పండుగ బృందగానంతో మొదలవుతుంది. ఇరవై ఒక్క ఇళ్ళ నుంచి ముప్పై ఇద్దరు, ఆడా మగా అందరికీ మోకాళ్ళ దాకా ఒకటే తీరు నీలం చొక్కా. పోయినేడు చొక్కాలు కలిసిపోయి, ఎవరిది ఎవరికో తేల్చడానికి నలభై నిమిషాలు పట్టింది. మందుల షాపావిడ చేతులు మూడు మడతలు పెట్టుకుని పాడింది. ఈసారి అలా కాకూడదని సెక్రటరీగారు అక్కను పిలిచి, ఒకటి నుంచి ముప్పై రెండు దాకా అంకెలు వేయమన్నాడు. జాబితా కూడా రాసిచ్చాడు, చుక్కా గీతా తప్పులేకుండా.

అక్క అంకెలు వేయలేదు. వేద్దామనే కూర్చుంది. కానీ చొక్కా చేతిలోకి రాగానే అది ఎవరిదో చేతికి తెలిసిపోయింది, చేయి తన అలవాటు ప్రకారం రాసేసింది.

ఆ అలవాటు కూడా అత్తగారిదే. ఇస్త్రీవాళ్ళందరికీ ఇంటికో గుర్తు ఉంటుంది. చాలామంది ఇంటినంబరు రాస్తారు. అత్తకు ఆ పద్ధతి నచ్చలేదు. అద్దెవాళ్ళు ఇళ్ళు మారతారు, నంబర్లు మారతాయి, మనిషి బుద్ధి మాత్రం మారదు అనేది ఆవిడ సిద్ధాంతం. అందుకని ఇంటి పెద్ద బుద్ధిని బట్టి గుర్తు పెట్టింది. రెండే అక్షరాలు, మధ్యలో చుక్క. ట్యాక్సు ఆఫీసు గుమాస్తాకు ముక్కు మీద కోపం, కాబట్టి ఆ ఇంటి బట్టలన్నిటికీ 'ము.కో'. మందుల షాపావిడ నాలుగు గోడల అవతల మాట కూడా వింటుంది, గోడలకు చెవులున్నట్టు, కాబట్టి 'గో.చె'. ఎవరేమడిగినా కాదనని టైరు షాపాయన చేతికి ఎముక లేదు, కాబట్టి 'చే.ఎ'. అత్త తరువాత వచ్చిన కుటుంబాలకు కోడలు పెట్టింది. ఎవరూ చూసింది లేదు. గుర్తు రాసిన గుడ్డపీలికను కింది కాజాకు పిన్నుతో తగిలించి, బట్ట ఇచ్చేటప్పుడు తీసేసేవాళ్ళు. పీలికలు మళ్ళీ డబ్బాలోకి పోయేవి. ముప్పై ఎనిమిదేళ్ళు కాలనీ తన గుణగణాలు చొక్కా అంచుకు వేలాడేసుకుని ఆ గదిలోకి వచ్చి పోయింది.

కానీ స్టేజీ మీదికి వెళ్ళే చొక్కాలకు పీలికలు నిలవవు. ఆ సంగతి ఆలోచించే అక్క ఉతికినా పోని సిరాతో కాలరు లోపల రాసింది. ఎంత ఆలోచించినా ఆ కాలరు వేసుకునేవాళ్ళకు కళ్ళుంటాయని మాత్రం తట్టలేదు.

సాయంత్రం ఐదింటికి హాలు నిండింది. నూట నలభై కుర్చీలు అక్క పొద్దున్నే వేసింది. గోడలకు రంగు కాగితాల తోరణాలు, వెనక రెండు పొడుగు బల్లల మీద ఇంటికొకటి చొప్పున మూతపెట్టిన గిన్నెలు. ఎవరి గిన్నెలో ఏముందో మూత తీయకుండా కనిపెట్టే పోటీ అప్పటికే మొదలైంది. మొదటి వరుస చివరి కుర్చీలో అత్తగారిని కూర్చోబెట్టారు. ఆవిడకు ఎనభై ఒకటి. చెవులు సరిగా వినబడవు, అందువల్ల గొంతు పెద్దది.

పక్కగదిలో అక్క చొక్కాలు పంచింది. కాలరు చూడటం, మొహం చూడటం, చేతికివ్వడం. తొమ్మిది నిమిషాల్లో ముప్పై రెండూ అయిపోయాయి, ఒక్కటీ మారలేదు. పాటల టీచరు గడియారం చూసుకుని, అక్కా, నిన్ను మా స్కూల్లో పెట్టుకోవాలి, అంది. సెక్రటరీగారు కూడా తలూపాడు. ఆ తల ఊపుడు అక్క బాగా గుర్తుపెట్టుకుంది. రేపటి మీటింగుకు అది శకునంలా అనిపించింది.

మందుల షాపావిడకు మెడ దగ్గర దురద పెట్టింది. కాలరు తిప్పి చూసింది.

"అక్కా, ఈ 'గో.చె' ఏంటి?"

"నా గుర్తులే వదినా. ఉతికినా పోదు."

"నా పేరులో గో లేదు, చె లేదు."

"గుర్తులకు అర్థాలేముంటాయి? నాకు గుర్తుంటే చాలు."

అక్కడితో ఆగాల్సింది. కానీ పక్కనే సెక్రటరీగారు ఉన్నాడు. ఆయనా రెండో వరుసలో పాడతాడు. ఆయన కూడా తన కాలరు తిప్పాడు. 'ఈ.తో' అని ఉంది. సంక్షిప్తాక్షరాలైతే రెండో అక్షరం తరువాత కూడా చుక్క పడాలి కదా అన్నాడు. జేబులోంచి కాగితం తీసి, చుట్టూ ఉన్నవాళ్ళ కాలర్లు చూసి తొమ్మిది గుర్తులు రాసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు అర్థంకాని మాటను అచ్చుకు పోనివ్వని మనిషి, అర్థంకాని మాట వేసుకుని స్టేజీ ఎక్కలేకపోయాడు. అక్కను అడిగితే ఆమె గుండీలు సరిచేసే పనిలో పడింది. ఇవి పెద్దావిడ కాలం నాటి గుర్తులు అని ఎవరో అనడంతో ఆయన నేరుగా మొదటి వరుసకు వెళ్ళాడు.

ఆ తరువాత జరిగింది హాలంతా విన్నది.

"పెద్దమ్మగారూ, 'ఈ.తో' అంటే ఏంటండీ?" అని ఆయన మర్యాదగా చెవి దగ్గర వంగి అడిగాడు.

"ఎవరిది?"

"నాదేనండీ. సెక్రటరీని."

"ఓ, నువ్వా." ఆవిడ గొంతు వెనకబల్లల దాకా వెళ్ళింది. "ఈకకు ఈక, తోకకు తోక పీకే రకం. వచ్చిన మొదటిరోజే బోర్డు మీద ఇస్త్రీకి దీర్ఘం లేదని మా కోడలితో పేచీ పెట్టుకున్నావు కదూ? ఆ రోజే పెట్టాం."

మొదట నవ్వింది సెక్రటరీగారి భార్య. తరువాత వెనక వరుసలు. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు, కాగితం మీద మొదటి గుర్తు పక్కన అర్థం రాసుకున్నాడు. రెండోది అడిగాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ పద్ధతి గురించి ఆవిడను అడిగినవాడు ఎవరూ లేరు. ఆవిడకు హుషారు వచ్చింది. ఒక్కొక్కటీ వివరంగా చెప్పింది, ఎందుకు పెట్టిందో కూడా చెప్పింది. 'కొం.రా' పాటల టీచరు, కొండంత రాగం. పాట ఎప్పుడు మొదలవుతుందా అని జనం ఎదురుచూడాలి. 'జు.కా' మిల్లు మేనేజరు, అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. 'నో.ము' చేపల చెరువు కాంట్రాక్టరు, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయని భయం. ప్రతివాళ్ళూ తమ వంతు వచ్చేదాకా పడీపడీ నవ్వారు, వంతు వచ్చాక ఆపేశారు.

'ము.కో' దగ్గరికి వచ్చేసరికి ట్యాక్సు గుమాస్తా స్టేజీ పక్కనుంచి దిగి వచ్చాడు. అప్పటికే గుండీలు విప్పుతున్నాడు.

ఐదున్నరకు పాట మొదలవ్వాలి. ఐదు ఇరవై ఎనిమిదికి పక్కగదిలో ఇస్త్రీ బల్ల మీద పద్నాలుగు నీలం చొక్కాలు కుప్పగా పడ్డాయి. పొద్దుటి నుంచీ తీసిన మడతలన్నీ నలిగిపోతుంటే అక్క చూస్తూ నిలబడింది. ఆ క్షణంలో కూడా ఆమెకు ముందు కనబడింది అదే. గుమాస్తా, వేలెత్తి చూపించే బట్ట వేసుకుని నేను జనం ముందు నిలబడనన్నాడు. మందుల షాపావిడ, ఇన్నేళ్ళు నా చీరలు నీ చేతికిచ్చి నా మీద నేనే చాటింపు వేయించుకున్నానా అంది. పాటల టీచరు ఏడవలేదు గానీ కళ్ళద్దాలు తుడుచుకుంది. సెక్రటరీగారు మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అంకెలు వెయ్యమన్నాను కదమ్మా" అన్నాడు. "హాలు గదిలో కూర్చుని హాలు సభ్యులకు వంకలు పెట్టడం ఎంతవరకు సబబో రేపు మీటింగులో అనుకుందాం."

రేపటి మాట అక్కకే కాదు, అందరికీ అర్థమైంది.

అంతా అత్తయ్య చేసిందే అనవచ్చు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చిందని తరువాత ఆమే చెప్పింది. ఎనభై ఒక్క ఏళ్ళ ముసలావిడ మీద ఎవరు కోపం పెట్టుకుంటారు? ఆవిడకు రేపు మీటింగూ లేదు, పోయేదీ లేదు. కానీ బల్ల మీది కుప్పలో పైన ఉన్న చొక్కా మీది గుర్తు తాను పెట్టిందే. దాని కిందిది కూడా.

"సగం మా అత్తయ్య పెట్టినవి, సగం నేను పెట్టినవి" అంది అక్క. "మీది నేను పెట్టిందే సార్. దాచిపెట్టి నవ్వుకోవడానికి పెట్టలేదు. మాకు ఇళ్ళు గుర్తుండాలంటే అలా తప్ప గుర్తుండవు. అందుకే ఇన్నేళ్ళలో ఎవరి బట్టా మారలేదు."

ఆమె అలమరలోంచి మరకలు తీసే మందు సీసా, పళ్ళు తోముకునే పాత బ్రష్షూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎవరిది తప్పో చెప్పండి, ఇక్కడే చెరిపేస్తాను. తప్పు కానిది చెరపను. మీ ఇంట్లోవాళ్ళను అడిగి చెప్పండి."

ఇది పొగరో అమాయకత్వమో తేల్చుకోలేక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెక్రటరీగారికి మాత్రం చిక్కు వచ్చి పడింది. తప్పయితేనే దిద్దాలి అనే సూత్రం ఆయనదే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన దాని మీదే బతికాడు. గుమాస్తా తలుపు దగ్గర నిలబడిన భార్య వైపు తిరిగాడు, నువ్వు చెప్పు, అన్నట్టు. ఆవిడ చేతిలో గిన్నె ఉంది.

"నేను చెప్పాలా?" అంది ఆవిడ.

అంతే అంది. గుమాస్తా చొక్కా తీసి వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటుంటే ఒకటి తప్పు కాజాలోకి పోయింది, అక్కే సరిచేసింది. మందుల షాపావిడ తన భర్తను పిలవలేదు. పిలిస్తే ఏమంటాడో ఆమెకు తెలుసు. అదే గుర్తున్న చొక్కా వేసుకుని ఆయన అప్పటికే స్టేజీ మీద నిలబడి ఉన్నాడు, నవ్వుతూ. ఆవిడ కూడా చొక్కా అందుకుంది, కానీ రేపు మీటింగులో ఈ విషయం తాను వదలనని చెప్పి మరీ అందుకుంది. ఒకరిని చూసి ఒకరు కుప్పలోంచి తీసుకున్నారు.

ఒకటి మిగిలింది. పైగుండీ కొత్తగా కుట్టిన చొక్కా.

వడ్రంగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన గుర్తు 'ఆ.శూ', ఆరంభ శూరుడు. మొదలుపెట్టడమే తప్ప ముగించడం తెలియనివాడని. పెద్దావిడ అది చెప్పినప్పుడు అందరికంటే తక్కువ నవ్వు వచ్చింది దీనికే. ఎందుకో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

"అది మా నాన్న అక్కా" అన్నాడు వడ్రంగి. "ఆయన అంతే. మా మేడమెట్లు ఆరు కట్టి వదిలేశాడు. పదకొండేళ్ళు నిచ్చెన వేసుకుని ఎక్కాం. మిగతా తొమ్మిదీ నేను కట్టాను."

అక్క చొక్కా చేతిలోకి తీసుకుని కాలరు చూసింది. ఆ ఇంటి గుర్తు ఆమె కాపురానికి రాకముందు నుంచీ ఉంది. తండ్రి పోయి పద్నాలుగేళ్ళు. ఈ పద్నాలుగేళ్ళలో ఆ ఇంటి నుంచి వచ్చిన ప్రతి చొక్కాకూ ఆమె అదే పీలిక తగిలించింది. ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తలుపు అవతలి స్టేజీ చెక్కలు పోయినేడు మార్చింది కూడా ఈ మనిషే. పండుగకు నాలుగు రోజుల ముందే పూర్తి చేసి తాళం ఆమెకే ఇచ్చాడు.

"ఇది తప్పే" అంది. "నేను చూసుకోలేదు."

బ్రష్షు మందులో ముంచి రుద్దింది. సిరా పూర్తిగా పోలేదు, లేత ఊదారంగు మచ్చ మిగిలింది. దాని మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఒకసారి లాగింది. వడ్రంగి చొక్కా వేసుకుంటూ, మరి ఇప్పుడు ఏం రాస్తావు, అని అడిగాడు. ఆలోచించి రాస్తానంది. బయట మొదటి వరుస కుర్చీలోంచి ఆమె అత్త, పాట ఎప్పుడమ్మాయ్, అని కేక పెట్టింది.

పాట ఐదు యాభై ఐదుకు మొదలైంది. టీచరు రాగం అందుకోగానే హాలులో గుసగుసలు, దగ్గులు, దగ్గులాంటి నవ్వులు. ఆవిడ రాగం సగంలో ఆపి నేరుగా పాటలోకి దిగింది. మూడో వరుస ఎప్పటిలాగే ముందు దూకింది, మిగతావాళ్ళు వెళ్ళి కలుసుకున్నారు. ఈసారి పాట బాగా కుదిరిందని చాలామంది అన్నారు. కారణం ఏమిటో టీచరుకు ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత నాటిక, పిల్లల ఆటలు, వెనకబల్లల దగ్గర వరుస. ఆ వరుసలో జనం ఒకరినొకరు గుర్తులతో పిలుచుకోవడం మొదలైంది. 'చే.ఎ'గారూ, మీ గిన్నెలోది ఇంకో గరిటె వేయండి. 'నో.ము' అన్నయ్యా, ఒక్క ముత్యం రాల్చండి. ఆయన నిజంగానే నోరు తెరిచాడు. "ఉప్పు తక్కువైంది" అన్నాడు. గుర్తు లేని ఇళ్ళవాళ్ళు, అంటే బట్టలు ఇంట్లోనే ఇస్త్రీ చేసుకునేవాళ్ళు, కొంచెం చిన్నబోయినట్టు కనిపించారు. ఒకాయన పెద్దావిడ దగ్గరికి వెళ్ళి తనకేం పెట్టేవారో అడిగాడు. బట్టలు పంపు, చూసి చెబుతాను, అందావిడ. చూసేది బట్టలను కాదని ఆయనకు తెలుసు. అయినా పంపుతానన్నాడు.

అక్క తినలేదు. బల్లలు తుడుస్తూ చేతులు లెక్కపెట్టుకుంది. రేపు ఎవరెవరు ఎత్తుతారు, ఎవరెవరు ఎత్తరు. ఎటు తిప్పినా లెక్క పదిహేను దగ్గర ఆగిపోయింది.

మర్నాడు పదింటికి మీటింగు. నలభై ఒక్క ఇళ్ళలో ముప్పై నాలుగు ఇళ్ళవాళ్ళు వచ్చారు. అది కూడా రికార్డే. ఏటా పన్నెండు దాటదు. సెక్రటరీగారు తన ప్రతిపాదన చదివాడు, బాగా చదివాడు. పిల్లలకు చదువుకునే చోటు లేదు, గదికి వీధివైపు వెలుతురు ఉంది, హాలు అందరిదీ. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిన్నటి గొడవ ఎత్తలేదు. అది ఎజెండాలో లేదు కాబట్టి. మందుల షాపావిడ ఎత్తింది. పావుగంట మాట్లాడింది. మిల్లు మేనేజరు రెండువైపులా మాట్లాడాడు. వడ్రంగి లేచి, కుడివైపు గదిలోని విరిగిన కుర్చీలు తీసేస్తే అక్కడ పుస్తకాలకు అరలు కొట్టి ఇస్తానన్నాడు. ఆ గదికి చెమ్మ ఉందని సెక్రటరీగారు అభ్యంతరం చెప్పాడు. చెమ్మ సంగతి కూడా తాను చూస్తానన్నాడు వడ్రంగి. "పూర్తవుతుందా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "మెట్లు ఎక్కి చూసుకోండి" అన్నాడు వడ్రంగి, వెనక్కి తిరగకుండానే.

అక్కను ఏమైనా చెబుతావా అని అడిగారు. తనకు మాట్లాడటం రాదంది. ఆమె తలుపు దగ్గర నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

గది అక్కకే ఉంచాలన్నవారు ఇరవై. వద్దన్నవారు పదమూడు. చేయి సగం ఎత్తి దించేసినవాడు ఒకడు, మిల్లు మేనేజరు. గుమాస్తా ఉంచాలనే ఎత్తాడు, అది కూడా కోపంగానే. సెక్రటరీగారు వద్దని ఎత్తాడు. తన ప్రతిపాదన తనదే కదా. తరువాత మందుల షాపావిడ ఒక సవరణ తెచ్చింది. గది ఇవ్వండి గానీ ఇకమీదట గుర్తులు అంకెల్లోనే ఉండాలి. దానికి ఎవరూ కాదనలేదు. కాదంటే తమ గుర్తు తమకు నచ్చిందని అర్థం వస్తుంది. సెక్రటరీగారు తీర్మానం రాసి, తానే ఒకటి నుంచి నలభై ఒకటి దాకా ఇళ్ళ జాబితా తయారుచేసి ఆమె చేతికిచ్చాడు.

అక్క జాబితాను ఇస్త్రీ బల్లకు ఎదురుగా గోడకు అంటించింది. సోమవారం నుంచి అంకెలు మొదలుపెట్టింది. నిజంగానే పెట్టింది, పేచీకి కాదు. మొదటి వారంలో ఐదు మూటలు ఇళ్ళు మారాయి. ఇరవై ఆరుకు ఇరవై తొమ్మిది, తొమ్మిదికి ఆరు. కాంట్రాక్టరు ప్యాంటు గుమాస్తా ఇంటికి పోయింది. గుమాస్తా అది వేసుకుని చూసుకునేదాకా ఎవరికీ తెలియలేదు. రెండో వారంలో టైరు షాపాయన కిటికీ దగ్గరికి వచ్చి, మా పాతదే ఉంచవా అక్కా, అని గొంతు తగ్గించి అడిగాడు. ఆయనకేం, మంచి గుర్తు. కానీ ఆ తరువాత గుమాస్తా భార్య వచ్చింది. పాటల టీచరు వచ్చింది. మందుల షాపావిడ తాను రాలేదు, భర్తను పంపింది. వడ్రంగి చొక్కాకు కొత్తది పడింది, 'మె.పూ'. మెట్లు పూర్తి అని అడగకుండానే అందరికీ తెలిసిపోయింది.

తీర్మానాన్ని ఎవరూ రద్దు చేయలేదు. గోడ మీద జాబితా అలాగే ఉంది.

నలభై ఒక్క ఇళ్ళలో ఇప్పుడు అంకెల గుర్తుతో బట్టలు ఇచ్చే ఇళ్ళు తొమ్మిది. వాటిలో సెక్రటరీగారిది ఒకటి. తీర్మానం తన చేతిరాతలో ఉన్నాక ఆయన తప్పడు. ఆయన నంబరు పదిహేడు.